కింది పదకొండు లైన్లు

కథకు ఆరు అంగాలుంటాయని నాకు మొదట చెప్పింది ఒక అట్టముక్క. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను పనిచేసిన దినపత్రిక ఆఫీసులో, ఆదివారం అనుబంధం చూసే పెద్దాయన తన కుర్చీ వెనక గోడకు మేకు కొట్టి దాన్ని వేలాడదీశారు. ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, దృష్టికోణం, ముగింపు. నల్ల సిరాతో, గుండ్రటి అక్షరాలతో, ఒకదాని కింద ఒకటి. ఆ అట్ట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. అట్ట ఏం చేసింది పాపం అంటారు మిత్రులు. ఏం చేసిందో, దాన్ని అడ్డం పెట్టుకొని నేనేం చేశానో చెబుతాను.

నాది ఓర్వకల్లు దగ్గర పల్లె. రాళ్ళ గుట్టల నడుమ మెట్ట సేద్యం. చదువు అయ్యాక పత్రికలో చేరి, జిల్లాల వార్తలు దిద్దే పనికి కుదురుకున్నాను. పల్లెల నుంచి విలేకరులు పంపే కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. వార్త రాయడానికి మాకు నేర్పిన పద్ధతి ఒకటే. అతి ముఖ్యమైనది మొదటి వాక్యంలో పెట్టాలి. దానికంటే తక్కువది రెండో వాక్యంలో. అలా దిగుతూ దిగుతూ, పోయినా ఫరవాలేని సంగతి చివర మిగలాలి. పేజీ కట్టేటప్పుడు స్థలం చాలకపోతే చదవకుండానే కింది నుంచి కోసేయవచ్చు. వార్త బతికే ఉంటుంది. రోజూ అదే పని కాబట్టి చేతికి అలవాటైపోయింది. కాగితం ఏదైనా సరే, నా పెన్సిలు కింది అంచు దగ్గరే తచ్చాడేది.

వారంలో రెండు రోజులు అనుబంధం పనిలో సాయం చేయమని నన్ను పెద్దాయన దగ్గరికి పంపేవారు. ఆయన కోస్తా నుంచి వచ్చారు. బాగా చదువుకున్నవారు, కాఫీ తెప్పిస్తే తనొక్కరికే తెప్పించేవారు కాదు. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కథ వస్తే పక్కన ఆరు అంగాల పేర్లూ రాసి, ఉన్నదానికి గీత, లేనిదానికి సున్న పెట్టేవారు. మా సీమ నుంచి వచ్చిన కథలకు 'నేపథ్యం' ఎదురుగా సున్న తప్పేది కాదు.

"ఇందులో ప్రకృతి ఏదయ్యా? మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క పచ్చటి చెట్టు లేదు."

"మా ఊళ్ళో కూడా లేదండి" అన్నాను ఒకసారి.

"లేకపోతే కల్పించాలి. కథకుడు ఎందుకున్నాడు మరి?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చు. ఈ జ్ఞాపకంలో నేను చేసిన తప్పుల్లో అది మొదటిది.

ఆ వేసవిలో వేంపల్లె అవతల పల్లె నుంచి ఒక కథ వచ్చింది. రూళ్ళ నోటుపుస్తకంలోంచి జాగ్రత్తగా కత్తిరించిన కాగితాలు, నీలి సిరా, ఒకవైపే రాత. రాసినావిడ అక్కడి మిషన్ బడిలో టీచరు. కథ సంగతి ఇది.

ముంగారి వానలకు, అంటే తొలకరికి ముందు విత్తనానికి చెనిక్కాయలు వలిచే పని ఉంటుంది. గింజ పగలకూడదు కాబట్టి చేత్తోనే వలవాలి. పెద్ద రైతు ఇంటి వాకిట్లో పాతికమంది ఆడవాళ్ళు పొద్దున కూర్చుంటే సాయంత్రానికి బొటనవేళ్ళు చిట్లిపోతాయి. పని ముగిశాక ఒక్కొక్కరే గడప దగ్గరికి వచ్చి, ఇంటి యజమానురాలి ముందు ఒడి విప్పి దులిపి చూపించి బయటికి పోవాలి. ఆ ఊళ్ళో అది రివాజు. ఒకరోజు క్రైస్తవుల పాలెం నుంచి వచ్చిన ఒకామె ఒడి దులిపినప్పుడు పిడికెడు గింజలు గడప మీద రాలాయి. అందరూ చూశారు. ఆమె పక్కన ఆరేళ్ళ కూతురు నిలబడి ఉంది. ఆమె ఏమీ మాట్లాడలేదు. తల వంచుకుంది.

ఆ తర్వాత ఒక్క పేరా ఉంది. గింజలు వేసింది తల్లి కాదు, కూతురు. మధ్యాహ్నం తల్లి ఒడిలో తల పెట్టుకొని పడుకున్న పిల్ల, దోవలో తినవచ్చని పిడికెడు గింజలు తల్లి కోకమడతలో దోపింది. అవి రాలినప్పుడు తల్లి పిల్ల ముఖం వైపు ఒక్కసారి చూసింది. చూసి, అంతా తెలుసుకొని, నోరు మూసుకుంది. చివరి వాక్యం: "ఆ పిల్లను నేనే."

ఒడి దులపడం నాకు కొత్త కాదు. కర్నూలు వైపు మేము చెనిక్కాయలను బుడ్డలంటాం. మా ఇంట్లోనూ బుడ్డలు వలిచేవారు. మా అమ్మ గడప దగ్గర ముక్కాలిపీట వేసుకొని కూర్చునేది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఒడి దులిపి పోయేవారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి, సాయంత్రం గొడ్లు ఇంటికి రావడం ఎలాగో అదీ అలాగే అనుకున్నాను. అందుకే కథ చదివినప్పుడు కూడా నాకు అందులో కొత్తగా ఏమీ కనబడలేదు. "చెనిక్కాయలు" అని ఉన్నచోటల్లా "వేరుశనగ కాయలు" అని దిద్ది కంపోజింగుకు పంపాను.

శుక్రవారం మధ్యాహ్నం అనుబంధం పేజీలు కడుతున్నారు. ఆఖరి నిమిషంలో ఒక సినిమా హాలువాళ్ళ ప్రకటన వచ్చింది. అది కథ పేజీలో కింద పడాలి. మా ముఖ్య కంపోజిటరు కర్నూలు పాతపేట మనిషి, వయసు మీదపడిన సాయిబు. సీసపు అక్షరాలను తలకిందులుగా మనకంటే వేగంగా చదివేవాడు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, ప్రకటన పెడితే కథలో పదకొండు లైన్లు మిగులుతాండాయి. ఏం చేద్దాం?"

పెద్దాయన తల ఎత్తకుండానే అన్నారు. "కింద నుంచి తీసెయ్యమనండి."

"ముగింపు పోతుందేమోనండి" అన్నాను.

"ముగింపు ఎక్కడికి పోతుంది? గింజలు రాలాయి, ఆవిడ తల వంచుకుంది. అదే ముగింపు. ఆ తర్వాతదంతా సంజాయిషీ. పైగా దృష్టికోణం చూడండి. కథ పొడుగునా 'ఆమె', 'పిల్ల' అని చెప్పుకొచ్చి, ఆఖరున 'నేను' అంటే ఎలాగండీ? పునాది ఒకచోట, గోడ ఇంకొకచోటానా?"

నేను గోడ మీది అట్ట వైపు చూశాను. అయిదోది దృష్టికోణం. ఆయన చెప్పింది అట్ట ప్రకారం సరిగ్గానే ఉంది. పెన్సిలు తీసి ప్రూఫు మీద ఆ పదకొండు లైన్ల పక్కన నిలువుగా గీత గీశాను. నా చేత్తోనే గీశాను.

సాయిబు ప్రూఫు అందుకొని గీత పక్కనున్న లైన్లు చదివాడు.

"ఏమప్పా, ఇది తీస్తే ఆయమ్మ దొంగయిపోతాది గదా" అన్నాడు నాతో, మెల్లగా.

ఆయన ఆ అట్టను ఏనాడూ చదవలేదు. అంగాలు ఎన్నో ఆయనకు తెలియదు. కథలో ఏది తీస్తే ఏది కూలుతుందో ఆ ఆఫీసులో తెలిసినవాడు ఆయన ఒక్కడే. నేనేమన్నానో తెలుసా? "టైం అయిపోతోంది సాయిబూ, పేజీ కట్టెయ్యండి" అన్నాను.

మామూలుగా అయితే మిగిలిన లైన్లు విడదీసి, ఏ గడి అక్షరాన్ని ఆ గడిలో వేసేస్తారు. సాయిబు అలా చేయలేదు. ఆ పదకొండు లైన్లకూ చుట్టూ దారం కట్టి, అలాగే ఒక చెక్క పలక మీద పక్కన పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు.

కథ అచ్చయిన మరుసటి ఆదివారం కడపలో ఒక హైస్కూల్లో కొత్తగా రాసేవాళ్ళ కోసం సభ పెట్టారు. చిన్నకథ అంగాల గురించి మాట్లాడమని మా పెద్దాయనను పిలిచారు. సభ వార్త రాయడానికి నేను తోడు వెళ్ళాను. నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా బస్సులో ముందురోజే చేరాం. తరగతి గదిలో డెబ్భై మంది దాకా ఉన్నారు. కిటికీల్లోంచి వేడిగాలి వస్తోంది. ఆయన నల్లబల్ల మీద సుద్దతో ఒక కొండ గీశారు. ఒక పక్క మెల్లగా ఎక్కే గీత, పైన ఒక మొన.

"మొన్న మా అనుబంధంలో వచ్చిన కథ మీరంతా చదివే ఉంటారు. ఇదిగో, ఇక్కడ ఒడి దులుపుతుంది. ఇది శిఖరం. రచయిత్రి సరిగ్గా ఇక్కడ ఆగిపోయింది. ఒక్క మాట ఎక్కువ రాయలేదు. ఆగడం తెలియడమే కథారచన."

వెనక బల్ల నుంచి తెల్లచీర కట్టుకున్న ఒక ముప్పై ఏళ్ళావిడ లేచింది.

"నేను ఆగలేదు సార్."

"ఎవరమ్మా మీరు?"

"ఆ కథ రాసినదాన్ని."

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ చప్పట్లు ఆగేదాకా నిలబడింది. ఆ కాసేపూ ఆమె ముఖం చూడలేక నేను నోటుపుస్తకంలోకి చూశాను.

"నేను ఆడ ఆగలేదు సార్. ఇంకా ఒక పేరా ఉండాది. అది యాడికి పోయినట్టు?"

పెద్దాయన నవ్వారు. "స్థలం చాలలేదమ్మా. పత్రికలో మామూలే. కానీ చూశారా, దానివల్ల మీ కథ ఎంత బాగుపడిందో."

"కథ బాగుపడిందేమో సార్. మా అమ్మ ఊర్లో తలెత్తుకోలేకుండా ఉండాది."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకొని, "రచయితకు తన కథ మీద మమకారం ఉంటుంది, సహజం" అని సభకు చెప్పి, తర్వాతి అంగంలోకి వెళ్ళిపోయారు. ఆవిడ కూర్చోలేదు, అరవలేదు. బయటికి వెళ్ళిపోయింది. నేను వెనకనే వెళ్ళాను.

బడి వరండాలో మంచినీళ్ళ కుండ దగ్గర ఆవిడ నిలబడి ఉంది. నేను ఫలానా పత్రికవాణ్ణని, ఆ పేరా పక్కన గీత గీసింది నేనేనని చెప్పాను. చెప్పకుండా మాట్లాడటం నాకు సాధ్యం కాలేదు.

"మీరా సార్?" అంది. కోపం చూపించి ఉంటే నాకు సులువుగా ఉండేది. "చదివి తీసినారా, చదవకనే తీసినారా?"

"చదివే."

ఆవిడ కుండ మీద మూత సరిచేసింది. తర్వాత జరిగింది చెప్పింది. ఆ గింజలు రాలిన రోజు నుంచి వాళ్ళ అమ్మను ఆ ఇంటి పనికి పిలవలేదు. అంతటితో పోలేదు. ఊళ్ళో ఆమెకు 'ఒడిగింజలామె' అని పేరు పడింది. వాళ్ళ గుడిలో ఆరాధన మధ్యలో కానుకల సంచి పట్టుకొని వరసల వెంట తిరిగే పని ఆడవాళ్ళకు వంతుల ప్రకారం వస్తుంది. పాలెంలో ప్రతి ఇంటి ఆడమనిషికీ వంతు వచ్చింది. ఆమెకు మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా రాలేదు. ఇవ్వబోమని ఎవరూ అనలేదు. వంతు ఆమె దగ్గరికి వచ్చేసరికి సంచి పక్కింటికి పోయేది, అంతే.

"నేను ఎన్నోసార్లు గుడి అయ్యగారికి, మా పాస్టరుకు చెప్దామనుకున్నా సార్. మా అమ్మ చెప్పనీలేదు. పెండ్లి కావాలి, బడిలో పని రావాలి, నీ పేరు చెడిపోతాదమ్మీ అని. ఇప్పుడు పని వచ్చింది. అమ్మకు చూపు తగ్గిపోతాండాది. ఒక్క ఆదివారమన్నా ఆ సంచి ఆమె చేత పట్టించాలని రాసినా. రాసి, మీ పత్రికలో పడతాందని తెలిసినాక, పాలెమంతా చెప్పుకున్నా. ఆదివారం అందరూ రాండి, మా అమ్మ సంగతి వస్తాది, వినండి అని."

పత్రిక మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. అక్కడి పద్ధతి ప్రకారం కాఫీ హోటలు ముందు చదువు వచ్చిన ఒకాయన నిలబడి గట్టిగా చదివాడు. పాలెం వాళ్ళూ, ఊరివాళ్ళూ విన్నారు. "తల వంచుకుంది" దగ్గర ఆయన కాగితం మడిచాడు.

"ఇంకా చదువప్పా అన్నా సార్. ఇంకేముండాది, ఈడికి అయిపోయింది, కింద సినిమా బొమ్మ ఉండాది అన్నాడు. ఒకాయన ఏమన్నాడో తెలుసునా? ఇన్నాళ్ళూ ఊరు అంటాంటే కాదనుకుంటిమి, ఇప్పుడు కూతురే రాసి ఒప్పుకునె గదా అన్నాడు."

"మీరు నోటితో చెప్పలేదా?"

"చెప్పినా. పేపర్లో లేదు గదా, ఇప్పుడు తిరగేసి చెప్తాండావు అన్నారు. వాళ్ళ తప్పేముంది సార్? పేపర్లో పడిందే నిజమని వాళ్ళకు నేర్పింది మీరే గదా."

తిరుగు బస్సులో పెద్దాయన పక్కన కూర్చొని, మిగిలిన పేరా వేద్దామని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు.

"కథకు సవరణ వేస్తారటండీ? వార్త తప్పయితే సవరణ వేస్తాం. కథ అంటే కల్పన. కల్పనకు సవరణ ఏమిటి? నవ్వుతారు."

"అది కల్పన కాదు కదండీ."

"కాకపోతే మరి కథల పోస్టులో ఎందుకు పంపింది?"

సంపాదకుడి దగ్గరికి వెళ్ళాను. పత్రిక పరువు అన్నారు. పాఠకులు మరిచిపోతారు అన్నారు. ఏ పాఠకులు? బెజవాడ పాఠకులు మరిచిపోతారు. ఆ పల్లెలో ఆ కాగితం కాఫీ హోటలు గోడకు అంటించి ఉందని టీచరు చెప్పింది. పదకొండు లైన్ల సీసం ధర ఎంత? ఒక మనిషి ఇరవై ఏళ్ళ మౌనం ఖరీదు ఎంత? ఒక దాన్ని ఇంకోదానితో తూచగలిగిన పెద్దమనుషులు రోజూ న్యాయం గురించి సంపాదకీయాలు రాశారు. వాటిని నేను దిద్దాను.

ఆ సాయంత్రం కథల ఫైలు తీసి చూశాను. ఆవిడ కాగితాలకు గుండుసూదితో ఒక ఉత్తరం గుచ్చి ఉంది. నా దాకా రాని ఉత్తరం. "కథ మొత్తం మీ ఇష్టం వచ్చినట్టు దిద్దుకోండి. చివరి పేరా మాత్రం దయచేసి మార్చవద్దు. కథంతా దాని కోసమే రాసినాను." దాని మూల మీద పెద్దాయన పెన్సిలుతో పెట్టిన చిన్న గీత. చూశానని గుర్తు. చూశారు. చూసి పక్కన పెట్టారు. ఉత్తరం వెనక ఆరు అంగాలకూ గీతలు, సున్నలు. దృష్టికోణానికి సున్న. సంఘర్షణ ఎదురుగా గీత పెట్టి, "దొంగతనం" అని రాసి ఉంది.

నాకు అప్పటికి గానీ తెలియలేదు. ఆవిడ కథ పొడుగునా 'ఆ పిల్ల' అని రాసింది చేతకాక కాదు. ఇరవై ఏళ్ళు ఆ పిల్లను తననుంచి దూరంగా పెట్టి బతికింది. చివరి వాక్యంలో వెళ్ళి దాని చెయ్యి పట్టుకుంది. మేము పునాది తప్పిన గోడ అనుకున్నది అసలు ఇంటికి వాకిలి. వార్తలో చివరి లైను అందరికంటే బీద. కథలో ఒక్కోసారి అదే ఇంటి పెద్ద. ఈ సంగతి ఆ అట్ట మీద లేదు.

జిల్లాల వార్తల పేజీ నా చేతిలో ఉంది. దాన్ని పెద్దాయన చూడరు, సంపాదకుడు తెల్లారాక చూస్తారు. మరునాడు పొద్దున సాయిబు దగ్గరికి వెళ్ళి, ఆ లైన్లు మళ్ళీ కంపోజ్ చేయాలన్నాను. ఆయన వంగి, బల్ల కిందినుంచి చెక్క పలక లాగాడు. దారం కట్టినట్టే ఉంది.

"వస్తావని తెలుసప్పా. ఇంత ఆలస్యమయితాదని తెలీదు" అన్నాడు.

వార్తకు తల నేను రాశాను. "అచ్చు కాని ముగింపు" అని శీర్షిక. మొదటి వాక్యం: "ఈ పత్రిక అనుబంధంలో వచ్చిన కథలో గింజలు ఒడిలో వేసింది తల్లి కాదు, ఆరేళ్ళ కూతురు." రెండో వాక్యం: "ఆ సంగతి చెప్పే చివరి పేరాను రచయిత్రి రాశారు, పత్రిక తొలగించింది." ఆ కింద ఆవిడ పదకొండు లైన్లు, అక్షరం మార్చకుండా.

సాయిబు ప్రూఫు తీసి చూసి తల ఊపాడు. "ఇప్పుడు ఎవరన్నా కింది నుంచి కోసినా ఏం కాదు. దొంగ కాదనేది పైననే ఉండాది."

అది పడ్డాక పెద్దాయన నాతో మాట్లాడటం మానేశారు. సంపాదకుడు నన్ను పిలిచి, జిల్లాల పేజీ ఇంకొకరికి అప్పగించి, మార్కెట్ ధరలు చూసుకోమన్నారు. అందులో కోయడానికి ఏమీ ఉండదు. ఆ శిక్ష గురించి నాకు ఫిర్యాదు లేదు.

ఆ శనివారం పత్రికలు చంకలో పెట్టుకొని కడప వెళ్ళి, ఆదివారం తొలి బస్సుకు వేంపల్లెలో దిగి, అక్కడి నుంచి నడిచాను. పాలెంలో గుడి చిన్నది, సున్నం కొట్టిన నాపరాయి గోడలు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. టీచరు నన్ను చూసి గుర్తుపట్టి, పక్కనున్న ముసలమ్మ చెవిలో ఏదో చెప్పింది. ముసలమ్మ నా వైపు తిరిగింది గానీ, చూపు సరిగ్గా నా మీద పడలేదు.

పాట అయిపోయాక అయ్యగారు లేచి, నేను తెచ్చి ఇచ్చిన పత్రిక విప్పి, ఆ వార్త మొత్తం చదివారు. బైబిలు వాక్యం చదువుతున్నంత నిదానంగా చదివారు. "ఆ పిల్లను నేనే" అన్నప్పుడు టీచరు తల ఎత్తే ఉంచింది. ఆడవాళ్ళలో పెద్దావిడ ఒకామె లేచి, ఎర్ర గుడ్డతో కుట్టిన కానుకల సంచి తెచ్చి, ముసలమ్మ చేతిలో పెట్టింది.

"లెయ్ వదినా. నీ వంతు" అంది.

ముసలమ్మ లేచింది. సంచిని రెండు చేతులా తడిమింది. వరసల వైపు అడుగు వేయబోయి ఆగింది. అందరికీ ఎదురుగా నిలబడి, సంచిని తిరగేసింది. లోపలి గుడ్డ బయటికి లాగి, ఒకసారి దులిపింది. రెండోసారి దులిపింది. ఏమీ రాలలేదు. అది అందరూ చూసేదాకా అలాగే పట్టుకొని, మళ్ళీ సరిచేసి, మొదటి వరస దగ్గరికి నడిచింది. కానుక వేసిన వాళ్ళలో ఒక్కరూ ఆమె ముఖం వైపు చూడలేదు.

ఆరాధన అయ్యాక వాళ్ళ ఇంటి ముందు నులకమంచం వాల్చి కూర్చోబెట్టారు. టీచరు లోపల మజ్జిగ కలుపుతోంది. ముసలమ్మ గడప మీద కూర్చుంది. ఆమె బొటనవేళ్ళ గోళ్ళు సగానికి అరిగి, చివరలు నల్లగా గట్టిపడి ఉన్నాయి.

"నువ్వేనా నాయనా పేపరోడివి?"

"నేనేనమ్మా. తప్పు నాదే."

"నీదేముండాది లే. ఇంట్లో సేద్యముండాదా?"

"ఉందమ్మా. ఓర్వకల్లు దగ్గర."

"చెనిక్కాయలేస్తారా?"

"వేస్తారు."

"ఒలిచేదానికి ఆడోళ్ళొస్తారు గదా. మీ ఇంట్లోనూ ఒడి దులిపిస్తారా?"

అబద్ధం చెప్పాలనిపించింది. "దులిపిస్తారమ్మా" అన్నాను.

ఆమె కాసేపు బొటనవేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

"మా పిల్ల శానా బాగ రాసింది. గింజలు ఎవరు ఏసినారు, ఎవరు ఏయలేదు, అంతా రాసింది. అయ్యగారు చదువుతాంటే విన్నా. సరే. పొద్దుగూకులూ ఒంగి ఒలిచిన ఆడమనిషి, ఇంటికి పొయ్యేటప్పుడు నలుగురి ముందర కోక దులిపి పోవాల్నా? అదెందుకని ఎవరూ రాయలేదే. ఆ ముక్క కూడా మీరు కింద కోసినారా, మొదట్నుంచే లేదా?"

మజ్జిగ చెంబుతో వచ్చిన టీచరు గడప లోపలే నిలబడిపోయింది.

సంఘర్షణ ఎదురుగా "దొంగతనం" అని రాసిన ఆ పెన్సిలు గీత నాకు గుర్తొచ్చింది. ఆ మాట చూసి పెద్దాయన మీద మండిపడ్డ నేను కూడా, గింజలు ఎవరు దొంగిలించారన్న దాకానే వచ్చి ఆగాను.

"మొదటి నుంచే లేదమ్మా" అన్నాను.

ఆ నెలలోనే సెలవు పెట్టి ఊరికి పోయాను. వాకిట్లో బుడ్డల రాశి ఉంది, ఆడవాళ్ళు వలుస్తున్నారు. మా అమ్మతో ఆ మాట ఎత్తాను. "గింజ తక్కువై విత్తనం చాలకపోతే కర్నూలు నుంచి నువ్వు తెచ్చి ఎదబెడతావా?" అంది. సాయంత్రం ముక్కాలిపీట గడప దగ్గరికి వచ్చింది. ఒక్కొక్కరే ఒడి విప్పి దులిపి వెళ్ళారు. ఎవరి ఒడిలోంచీ ఏమీ రాలలేదు. నేను అరుగు మీద పత్రిక పట్టుకొని, చివరి ఆమె వెళ్ళేదాకా అక్కడే కూర్చున్నాను.